మొదటి వానకు మూయాల్సిన కిటికీలు

పదేళ్ళ కిందట, మే నెలలో, అనంతపురం ప్రాంతంలోని ఒక చిన్న మ్యూజియానికి పరిరక్షణాధికారిగా వెళ్ళాను. వస్తువులను శుభ్రం చేయడం కన్నా వాటి చుట్టూ ఉన్న గాలిని కనిపెట్టుకుని ఉండడమే మా వృత్తిలో పెద్ద పని. అక్కడ నాకు అప్పగించినవి తోలుబొమ్మలు. తోలు పొడిగాలికి ముడుచుకుంటుంది, తేమకు సాగుతుంది. నెమ్మదిగా జరిగితే ఓర్చుకుంటుంది. ఒక్కసారిగా జరిగితే పైనున్న రంగు పెచ్చులూడుతుంది. అందుకే గదిలో తేమ కొలిచే డయలు పెట్టి రోజూ చూసేవాళ్ళం. ఆ ఎండల్లో ముల్లు ఇరవై అయిదు శాతం దాటేది కాదు.

గదికి కాపలా ఓబులేసు. కాంట్రాక్టు ఉద్యోగి. ముదిగుబ్బ దగ్గర మెట్ట చేనుంది, వేరుశనగ వేస్తాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళినప్పుడు వాన మొదలైంది. తిరిగొచ్చేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ముల్లు ఎనభై మీద ఉంది. నిలువెత్తు రావణుడి భుజం మీద ఎర్రరంగు లేచిపోయింది. ఓబులేసు కిటికీలోంచి చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు తెరిచావని అరిచాను.

"వానొస్తే కిటికీ మూస్తారా సార్ యాడన్నా? దీని మొగం చూసి ఏడాదయింది" అన్నాడు.

క్యూరేటరు నివేదిక అడిగారు. తప్పు ఓబులేసుదని తేలితే ఉద్యోగం పోతుంది. రాసేముందు, గోడకు అంటించిన సూచనలు మరోసారి చదివాను. ఎండకు తెరలు దించమని ఉంది, దుమ్ముకు కిటికీలు మూయమని ఉంది. వాన ఊసే లేదు. రాసినవాళ్ళకు ఈ సీమలో వాన పడుతుందన్న నమ్మకం లేనట్టుంది. కిటికీలు తెరిచింది అతనేనని, తెరవకూడదని అతనికి ఎవరూ చెప్పలేదని, రెండూ రాశాను. ఉద్యోగం నిలిచింది. రావణుడిని తేమ పీల్చే అద్దుడు కాగితాల మధ్య తేలికపాటి బరువు కింద ఉంచి, మెల్లగా ఆరనిచ్చి, రంగు అతికించాం. మచ్చ మాత్రం మిగిలింది.

మరుసటి ఏడు మబ్బు పట్టగానే ఓబులేసే కిటికీలు మూసి, అద్దంలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. గది నేను చూసుకుంటాను, పోయి తడవమన్నాను.

"తడిసినోణ్ని మళ్ళా ఈ గదిలేకి రానిస్తారా సార్?"

ఒళ్ళు ఆరినాక రమ్మన్నాను.

ఏడాదంతా వానకోసం చూసిన మనిషి చేత కిటికీ మూయించాలంటే, ముందు అతన్ని వానలోకి పంపాలి. సూచనల్లో ఆ వాక్యం చేర్చాను. నా తర్వాత వచ్చినవారు దాన్ని ఉంచారో, తీసేశారో తెలియదు.