పెదనాన్న ఎక్కిళ్ళు

మొన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎదురుగా కూర్చున్న మనవరాలు నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, కాసేపు ఊపిరి బిగబట్టమంది. జన్మంతా డాక్టరీ చేసినవాణ్ణి గనక ఆ సలహాలో తప్పు పట్టలేకపోయాను. కానీ మన ఈడు వాళ్ళకు తెలుసు, అప్పట్లో ఎక్కిళ్ళొస్తే ముందు గుర్తొచ్చేది నీళ్ళు కాదు, ఎవరు తలుచుకుంటున్నారా అని. అయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతే సరైన పేరు దగ్గర ఎక్కిళ్ళు ఆగాలి. చదువు అక్కర్లేని వైద్యం.

అరవైల్లో, గుంటూరులో వైద్యం చదువుతూ సెలవులకు సముద్రం ఒడ్డున మా ఊరు జువ్వలదిన్నె వచ్చేసరికి, మా పెదనాన్న ఎక్కిళ్ళతో మంచాన పడి ఉన్నాడు. అంతకు ముందే గాలివానలో ఒక పడవ తిరిగి రాలేదు; ఆయన ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు, నాకు ఈత నేర్పినవాడు, అందులో ఉన్నాడు. తిండి దిగక, నిద్ర పట్టక, వలలు లాగి గట్టిపడిన ఆ మనిషి తడిసిన గోనెసంచిలా అయిపోయాడు. పెద్దమ్మ పక్కన కూర్చుని, సంగం ఊళ్ళో ఉన్న ఆడపడుచు మొదలు నాయుడుపేటలో ఎండుచేపలు కొనే సాయిబు దాకా అందరి పేర్లూ చెప్పేది. బేరాల మధ్య మమ్మల్ని తలుచుకునే తీరిక సాయిబుకెక్కడిది, అయినా ఆయన్నూ వదల్లేదు. కొడుకు పేరు ఒక్కటే ఎత్తేది కాదు. పెదనాన్న ఎత్తనిచ్చేవాడు కాదు. ఆ పేరు చెప్పినా ఎక్కిళ్ళు ఆగకపోతే వాడిక లేడనేగా.

శవాన్ని కోసి నేర్చుకున్న పాఠం చేతికింకా వాసన కొడుతున్న రోజులు, చెప్పకుండా ఉండలేకపోయాను. ఛాతీకీ కడుపుకూ మధ్య, విసిరిన వల గాలిలో విచ్చుకున్నట్టు ఒక పలుచని కండ గొడుగులా ఉంటుందనీ, అది కిందికి దిగితే ఊపిరి లోపలికొస్తుందనీ, అదాటున బిగుసుకుంటే ఎక్కిలనీ, దాన్ని ఆడించే నరాలు మాత్రం మెడలో మూడు, నాలుగు, ఐదో నరాల నుంచి పుట్టి, గుండెకు అటూ ఇటూ అంత దూరం దిగి వస్తాయనీ చెప్పాను. అంత దూరమెందుకన్నాడు. తల్లి కడుపులో ఆ కండ మెడ దగ్గరే మొదలై, కిందికి జారిపోతూ తన నరాన్ని కూడా వెంట తీసుకుపోయిందన్నాను. ఆ ముక్క ఆయనకు బాగా నచ్చింది, నేననుకున్నట్టు కాదు.

"అంటే యాడికి పోయినా తాడు తెగలేదంటావు."

"నెల్లూరికి పోదాం పెదనాన్నా. మెడ దగ్గర కోత పెట్టి ఆ నరాన్ని నొక్కితే ఎక్కిళ్ళు ఆగుతాయి. ఇట్టే ఉంటే మాకు దక్కవు."

"నొక్కేసినాక వాడు తలుచుకుంటే నాకెట్టా తెలస్తాది అబ్బయా?"

నెల్లూరు ప్రయాణం అంతటితో ఆగింది.

చివరికి గంజి కూడా దిగక ఆయన కళ్ళు తేలేసిన రోజున, పెద్దమ్మ గిన్నె విసిరికొట్టి, "ఏమైనా కానీ, చెప్తాండా!" అని కొడుకు పేరు పెట్టి ఒక్క కేక వేసింది. పెదనాన్న ఊపిరి బిగబట్టాడు. ఇంట్లో అందరం బిగబట్టాం. ఎక్కిలి రాలేదు.

"చూసినావా? ఉండాడు. ఏదో ఒడ్డున పడుండాడు," అన్నాడు, గంజి అడిగి తాగాడు.

అదిరిపడి ఊపిరి బిగబట్టినవాడికి ఆ కండ సర్దుకోవడం వింతేమీ కాదని నాకు తెలుసు. కానీ పరీక్షలో తప్ప ఆ నరాల ఊసు మళ్ళీ ఎత్తలేదు. పెదనాన్న కొడుక్కి కర్మ చేయనివ్వలేదు. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ రాత్రిపూట వాడికని కుండలో అన్నం మిగిల్చేది; తెల్లారి కోళ్ళకు వేసేది. ఊళ్ళో మా కోళ్ళంత బలిసిన కోళ్ళు ఉండేవి కావు.

ఇప్పుడు ఎక్కిళ్ళకు మాత్రలున్నాయి, పేర్లు చెప్పేవాళ్ళే లేరు. ఉన్నా, నన్ను తలుచుకోగల వాళ్ళ పేర్లు ముద్ద మింగేలోపే అయిపోతాయి. మొన్న మనవరాలు చెయ్యి కడుక్కోవడానికి లేచాక, ఎవరూ లేకుండా చూసి, నాకు ఈత నేర్పినవాడి పేరు మెల్లగా పైకి అన్నాను.

ఎక్కిలి వచ్చింది. నీళ్ళు తాగాను.