చావింటికి ఎవరూ రాలేదు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. ఇప్పుడు జరగొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మా అక్క సంగతి చెబుతాను, వినండి.

నాది ప్రొద్దుటూరు, మా అక్కను ఇచ్చింది జమ్మలమడుగులో. కరోనా నాళ్లలో మా బావకు ఆయాసం ఎక్కువైతే ఆంబులెన్సులో కడపకు తీసుకుపోయారు. ఎక్కుతూ "బియ్యం నానబెట్టు, రేపు దోసెలు పోద్దువు" అన్నాడట. వారం తిరక్కముందే పోయాడని ఫోన్ వచ్చింది. ఇంటికి పంపలేదు, అక్కడే మట్టి చేశారు. అక్క ముఖం కూడా చూడలేదు.

పోలీసులను బతిమాలుకుని నేను పోయేసరికి వాళ్ల వీధికి అడ్డంగా కట్టెలు కట్టి ఉన్నాయి. అక్క గడపలో నిలబడి ఉంది. నేను కట్టెల కిందినుంచి దూరబోతే అక్కడినుంచే చెయ్యి అడ్డంగా ఊపింది.

"రావద్దు మ్మే. నాకూ ఉంటాదంట. నీకు పిల్లోళ్లుండారు. ఆడనే నిలబడు."

నిలబడ్డాను. ఆమె కంట్లో చుక్క నీరు లేదు.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఉత్త నోటిమాటతో పలకరించరు. వచ్చినామె, మొగుడు పోయినామె మెడ పట్టుకుని శోకం పెడుతుంది. ఒకరి తర్వాత ఒకరు అట్లా పట్టుకుని ఏడుస్తుంటే, పోయినవాడు పోయాడని ఒంటికి తెలుస్తుంది. అదంతా పెద్దదినం లోపలే జరగాలి. ఆ తర్వాత ఏడ్చుకుంటూ వాకిట్లోకి రావడం మంచిది కాదంటారు. మా అక్కకు ఆ దినాలన్నీ మూసిన తలుపు వెనకే గడిచిపోయాయి.

కట్టెలు తీసేశాక బంధువులు వచ్చారు. దినాలు దాటాయి కదా అని ఎవరూ బావ మాట ఎత్తలేదు. అరటిపండ్లు తెచ్చి, ఎండల గురించి, శనగల ధర గురించి మాట్లాడిపోయారు. బాధ కదపకూడదని వాళ్ల మంచితనం. ఒకామె వెళ్లాక అక్క నాతో మెల్లగా అంది:

"చూసినావా మ్మే, ఎట్ల నవ్వుతాందో. మీ బావ పోయింటే ఆయమ్మ అట్ల నవ్వుతాదా?"

"అట్ల మాట్లాడొద్దు అక్కా."

"సచ్చినోళ్ల ఇంటికి జనం ఏడ్సుకుంటా వస్తారు. మా ఇంటికి ఎవరొచ్చినారు చెప్పు. ఆయప్ప యాడనో ఉండాడు. ఆస్పత్రోళ్లు మనిషిని తారుమారు చేసింటారు."

మిగతా అన్నిటిలో సరిగ్గానే ఉండేది. కూరగాయల దగ్గర గట్టిగా బేరమాడేది. పొద్దున్నే బావ చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించేది. ఎవరైనా దగ్గరికి వస్తే మాత్రం గోడవైపు జరిగిపోయేది. సాయంత్రం గేటు చప్పుడైతే "వచ్చినాడు" అని ఇంకో కంచం పెట్టేది. నేను ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ చప్పుడుకు నా తల కూడా వాకిలివైపు తిరిగేది. ప్రొద్దుటూరులో మనసు డాక్టరుకు చూపించాం. మాత్రలకు నిద్ర పట్టింది గానీ ఎదురుచూపు పోలేదు.

ఏండ్లు గడిచాయి. పులివెందులలో మా చిన్నాయన పోతే అక్కను వెంటబెట్టుకుని బస్సెక్కాను. షామియానా నిండా జనం. అక్క గుంజ పట్టుకుని ఎడంగా నిలబడింది.

"చూడు మ్మే, సావిల్లంటే ఇట్లుంటాది," అంది నాతో, నా తప్పు దొరికినట్లు.

చిన్నమ్మ ఆమెను చూసింది. కూర్చున్న చోటినుంచి లేచొచ్చి, అక్క వెనక్కి జరిగేలోగా మెడ వాటేసుకుంది.

"ఓ నా తల్లీ, నీ మొగుడు పోయిన నాడు నేను రాలేకపోతినే. నిన్ను పట్టుకోని ఏడ్సేవాళ్లే లేకపోయిరే. ఈ పొద్దు నా మొగుడూ పాయనే."

అక్క చేతులు కిందికి వేలాడుతూనే ఉన్నాయి. చిన్నమ్మ వదల్లేదు. చాలాసేపటికి అక్క ఆమె చెవి దగ్గర అడిగింది:

"అట్లయితే ఆయప్ప పోయినాడా చిన్నమ్మా?"

"పోయినాడు తల్లీ. ఎప్పుడో పోయినాడు."

అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని మిగతా ఆడవాళ్లు శోకాలు ఆపేశారు. తెలియనివాళ్లు, చిన్నాయన మీద ఎంత ప్రేమో అనుకున్నారు.

ఇప్పుడు ఆమె ఎవరికోసమూ ఎదురుచూడదు. ఉన్నట్టుండి ఏ పనిలోనో ఏడుస్తుంది, పట్టుకుంటే పట్టుకోనిస్తుంది. ఏడవడం మంచిదే అంటాడు డాక్టరు. నాకు మాత్రం, అన్నేండ్లు ఆమె ఒక్కతే బతికించుకున్న మనిషిని ఆ రోజు పులివెందులలో మేమంతా కలిసి మట్టి చేసి వచ్చామేమో అనిపిస్తుంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మంచికీ చెడ్డకీ మీ గడప తొక్కేవాళ్లు ఉండాలి. మీ కంట నీరొచ్చిన పూట, తుడిచే చెయ్యి మీకు అందేంత దగ్గర ఉండాలి.