స్లిప్ టెస్టుకి సరిపడే మార్కులు

పిల్లలకి ఏం వచ్చో తెలుసుకోవడానికి ఎన్ని దారులుంటే అంత మంచిదని నేను నిజంగానే నమ్మాను. ఫార్మేటివ్ పరీక్షలో క్లాసులో నోరు విప్పి చెప్పినదానికి, నోట్సుకి, ప్రాజెక్టుకి పదేసి మార్కులు, రాసే స్లిప్ టెస్టుకి ఇరవై. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. మా హైస్కూల్లో జరిగేది వేరు. ముందు స్లిప్ టెస్టు దిద్దుతారు. ఆ మార్కు చూసి మిగతా మూడూ దానికి సరిపోయేలా స్టాఫ్ రూములో టీ తాగుతూ వేసేస్తారు. నాకది ఒళ్ళు మంట.

నేను క్లాస్ టీచర్‌గా ఉన్న ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. వాళ్ళిల్లు ధవళేశ్వరంలో కాలవ లాకుల పక్కనే. రాయమంటే చెయ్యి సాగేది కాదు. లోతు పెరిగితే నీటి ఒత్తిడి ఎందుకు పెరుగుతుందని ఒకరోజు సైన్సు క్లాసులో అడిగాను.

"కింద నీళ్ళ మీద పైనీళ్ళన్నీ కూర్చుంటాయి కదండి. అందుకే లాకు తలుపు కింద కాస్త సందిచ్చినా తన్నుకొచ్చేస్తాయండి" అంది.

క్లాసంతా ఆ పిల్లవైపు తిరిగింది. నోటితో చెప్పినందుకు పదికి పదీ వేశాను. స్లిప్ టెస్టులో మాత్రం నాలుగే వచ్చాయి.

హెడ్మాస్టారు పిలిపించారు. "ఇదేంటండి మేడం? టెస్టులో నాలుగు, ఇక్కడ పదా? చెకింగ్‌కి వచ్చినాయన అడిగితే నేనేం చెప్పాలండి?"

"ఆ అమ్మాయినే పిలిచి అడగమనండి సార్" అన్నాను.

ఆయన నవ్వేశారు. ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు పదిని మూడు చేసేశారు. నాకొక్క మాట చెప్పలేదు.

ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. "నేను చెప్పింది తప్పాండి?"

"కాదమ్మా. నేను పదే వేశాను, పెద్దసారు మార్చారు" అన్నాను. నమ్మలేదు. కార్డు మీద సంతకం నాదే మరి.

ఆ తర్వాత గైడు కొనుక్కుని బట్టీ పట్టడం మొదలుపెట్టింది. టర్మ్ చివరి సమ్మేటివ్ పరీక్షలో మార్కులు బాగా పెరిగాయి. పేరెంట్స్ మీటింగులో హెడ్మాస్టారు ఆ పిల్లని వాళ్ళమ్మ ముందు తెగ మెచ్చుకున్నారు. ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టింది.

మర్నాడు క్లాసులో, నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిగ్గా ఉండే బొక్కెన పైకి రాగానే ఎందుకు బరువెక్కుతుందని అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. నేను ఆ పిల్లనే లేపాను. సమాధానం తెలుసని ఆ మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

"గైడులో లేదండి" అని కూర్చుంది.