కాలవ దాకా ఆగని కనకం

పైన బ్యారేజీలో గేట్లు ఎత్తేది ఇంజనీర్లని మీరు అనుకుంటారు. కాదు. పెడనలో మా అమ్మమ్మ కనకమహాలక్ష్మి కాలవ గట్టు మీద నిలబడి ఒక్క కసురు కసిరితే, కృష్ణమ్మ హడలిపోయి గేట్లు తోసుకుని వచ్చేస్తుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఇంటర్ సగంలో మానేసింది అందుకే. పుస్తకాల్లో అసలు సంగతులు ఉండవు.

మా అమ్మమ్మది కలంకారీ అద్దకం. చెక్క అచ్చును రంగులో ముంచి, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్కటి పొడుస్తుంది. పువ్వు దిగుతుంది. ఆ చేతికి ఎంత నిదానమో మనిషికి అంత తొందర. దుప్పట్లు కొనేవాళ్ళు తగ్గాక, ఆ బట్టతో జనం రోజూ వాడే వస్తువేదో చేసి అమ్మాలని పట్టుబట్టింది. ఫోన్ కవర్లు కుట్టింది. కుట్టడం అయ్యేసరికి ఆ ఫోన్లే మారిపోయాయి. నాగాయలంకలో రొయ్యల చెరువుల కాపలావాళ్ళకి పూల టోపీలు పట్టుకెళ్ళింది. "మమ్మల్ని చూసి కొంగలు నవ్వుతాయి మామ్మా" అన్నారు వాళ్ళు. గుడివాడలో లంచ్ బ్యాగులు పెట్టుకుని కూర్చుంది. ఉతికితే రంగు పోతుందా అని ఒకావిడ అడిగిందని, పక్కనున్న టీ కొట్టు బకెట్లో బ్యాగు ముంచి చూపించింది. రంగు పోలేదు గానీ, టీ కొట్టతను మా మీదకొచ్చాడు.

ఈ వేసవిలో ఆవిడ కొడుకు, మా చిన్నారావు మావయ్య, ఇక లాభం లేదన్నాడు. అద్దకం షెడ్డు రొయ్యల మేత వ్యాపారికి అద్దెకిస్తానన్నాడు.

"నా బల్ల ఎక్కడ పెడతావురా?"

"ఈ ఏడు నీ బల్ల మీద ఏం అద్దావమ్మా? పిల్లి పడుకుంటోంది."

"పిల్లి పడుకుంటే బల్ల కాకుండా పోద్దా?"

కాలవలు వదిలేలోగా వ్యాపారి బస్తాలు దించుతాడు. అంతకుముందే అమ్మమ్మ ఒక ఆర్డరు తెచ్చి చూపించాలి. లేకపోతే బల్ల బయటికే.

ఆవిడ పేరులో కనకం, చేతులకి రోల్డ్ గోల్డ్. గాజులకి మళ్ళీ పూత వేయించుకోవడానికి ఇద్దరం చిలకలపూడి వెళ్ళాం. అక్కడ కొట్టు నడిపే భార్గవిగారు, కవర్లలో గాజులు ఒరుసుకుని పూత పోతోందని, కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి పోట్లాడుతున్నారని వాపోయింది. ఆవిడ మాట పూర్తి కాకముందే అమ్మమ్మ తన చేతిసంచిలోంచి అద్దకం బట్ట ముక్క తీసి, గాజుకి చుట్టి, మూతి దగ్గర ముడేసింది.

"ఇట్టాంటి సంచీ అయితే?"

"భలే ఉందండీ! శ్రావణమాసం అమ్మకాలకి పనికొస్తుంది. ముందు కొన్ని పంపండి, చూస్తాను."

బస్సు పెడన చేరేలోగా ఏ అంచుకి ఏ పువ్వో అమ్మమ్మ నా వీపు మీద వేలితో గీసి చూపించేసింది.

అద్దకంలో ఎరుపు దిగాలంటే పటిక కావాలి. మిగిలిపోయిన పటిక వదలాలంటే పారే నీటిలో ఉతకాలి. వేసవిలో కాలవలు కట్టేస్తారు. మా బోరు నీళ్ళేమో ఉప్పు. అందుకే ఆ రోజుల్లో అద్దకంవాళ్ళు అచ్చులు తుడుచుకుంటూ, చెక్కకి నూనె పట్టిస్తూ కూర్చుంటారు.

"కాలవ వచ్చేదాకా ఆగమ్మా" అన్నాడు మావయ్య కూడా.

"కాలవకి ముందే నీ బస్తాలొస్తాయిగా! అరచెయ్యంత సంచీకి అంత కాలవెందుకురా?" అంటూ బోరు నీళ్ళ తొట్టిలోనే జాడించేసింది.

సంచులు చూడముచ్చటగా వచ్చాయి. పంపిన కొన్నాళ్ళకే భార్గవిగారు ఫోన్ చేసింది. మేం వెళ్ళేసరికి కొట్లో బల్ల మీద వరసగా గాజులు. సంచుల్లో పెట్టినవన్నీ నల్లబడ్డాయి.

"మా పూతలో లోపం లేదు మామ్మగారూ" అందావిడ, ఏడవలేక.

అమ్మమ్మ ఒక సంచీ తీసి నాలుక కొసన పెట్టుకుంది.

"అయ్యయ్యో, అదేంటండీ!"

"వగరు" అంది అమ్మమ్మ. "పటిక పోలేదు, అదే గాజుల్ని నల్లబరిచింది. నీ పూత మంచిదేనమ్మా. నా ఉతుకే బాలేదు. కాలవ రానీ, ఇంకోటి తెస్తాను."

ఇంటికొచ్చేసరికి షెడ్డులో మేత బస్తాలు దిగుతున్నాయి. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చిన్నారావూ, ఆ మూల వాళ్ళది, ఈ మూల నా బల్లది. కాలవలో ఉతికిన సంచిలో కూడా గాజు నల్లబడిందా, బల్ల నేనే బయట పారేస్తా."

మావయ్య సరేనన్నాడు. ఒప్పుకోకపోతే ఆవిడ గుమ్మంలోంచి కదిలేలా లేదు మరి.

ఆగడమంటే ఆవిడకి ఒళ్ళు దద్దుర్లే. పొద్దున్నే గట్టు మీదికి, మధ్యాహ్నం గట్టు మీదికి. కాలవ చూసుకునే లస్కరు ఈవిణ్ణి చూసి సైకిల్ తిప్పేసుకునేవాడు. ఒకరోజు దొరికిపోయాడు.

"ఏం బాబూ, నీళ్ళెప్పుడు?"

"పైనుంచి రావాలి మామ్మా. నా జేబులో ఉన్నాయా?"

"ఉంటే ఈపాటికి లాక్కునేదాన్ని."

చివరికి గుర్రపుడెక్క మొక్కల్ని తోసుకుంటూ బురదనీళ్ళు వచ్చాయి. అందరూ నీరు తేటపడేదాకా ఆగారు. ఈసారి ఆవిడా ఆగింది. గట్టు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ ఆగింది. ఆ తర్వాత మోకాలి లోతు నీళ్ళలో దిగి, బట్టను బండకేసి బాది, నాలుక మీద పెట్టుకుని చూసి, మళ్ళీ బాదింది. బట్ట చప్పబడ్డాకే వదిలింది.

కొత్త సంచిలో, చిలకలపూడిలో పూత వేయించుకున్న తన చేతి గాజే వేసి, మేత బస్తాల పక్కన చెమ్మ గోడకి వేలాడదీసింది. గంటగంటకీ విప్పబోతుంటే నేనే లాక్కుని దాచాల్సి వచ్చింది. వానలు పట్టాక, ముడి విప్పకుండా చిలకలపూడి తీసుకెళ్ళాం. భార్గవిగారు గాజు బయటికి తీసి, వీధి వెలుతురులో తిప్పి చూసింది. తన కొట్లోంచి ఎలా వెళ్ళిందో అలాగే ఉంది.

"ఎన్నివ్వగలరు మామ్మగారూ?"

"ఎన్ని గాజులున్నాయి నీ దగ్గర?"

ఇప్పుడు మా షెడ్డులో ఒక మూల మేత కంపు, ఇంకో మూల ఆవిడ పిడికిలి చప్పుడు. పిల్లి బస్తాల మీదికి మారింది. నన్ను సంచులకి తాళ్ళెక్కించమని కూర్చోబెట్టారు. అది మానేసి ఇదంతా రాసి, ఆవిడకి మొదటి పేరా చదివి వినిపించాను. అచ్చు చేతిలో పట్టుకునే విన్నది.

"నాకంత శక్తుంటే వైశాఖంలోనే నీళ్ళు తెప్పించుకునేదాన్ని కదే, తింగరిదానా! ఆ కొట్టు పిల్ల గాజులు నల్లబడేవా? నోరు మూసుకుని తాళ్ళెక్కించు."