నాన్న మధ్యాహ్నపు పడక

మా చిన్నప్పుడు... బండారులంకలో మధ్యాహ్నం అన్నాలయ్యాక నాన్న మగ్గం పక్కనే చాప వేసుకుని వెల్లకిలా పడుకునేవారు. నిద్రపోయేవారు కాదు. పైన పెంకుల వైపు చూస్తూ గాల్లో వేలితో ఏవో గీతలు గీసేవారు. ఓ గంటకి లేచి, బొగ్గుముక్కతో గచ్చు మీద చీర అంచు గీసేవారు... అప్పటిదాకా ఊళ్లో ఎవరూ నేయని అంచు!

మా ఇంటి మగ్గాలన్నీ పెదనాన్న చేతికింద ఉండేవి. ఆయనకి ఆ పడక చూస్తే ఒళ్లు మండిపోయేది. ఓ రోజు అందరి ముందూ అడిగేశారు.

"ఏరా, పట్టపగలు ఈ పడకేంటి?"

"పడుకోలేదండి అన్నయ్యా... అంచు చూసుకుంటున్నాను."

"అంచు పెంకుల మీదుందేంట్రా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజే పెదనాన్న నాకో పని అప్పజెప్పారు. "అమ్మడూ, మీ నాన్న నడుం వాల్చగానే లేపెయ్యి. కదలకపోతే నీళ్లు జల్లు." నాకు తొమ్మిదేళ్లు... కూర్చుని కండెలకి నూలు చుట్టే పని తప్పిందని ఎంత సంబరమో! చెంబుతో నీళ్లు పట్టుకుని కాపలా కాసేదాన్ని.

ఒకరోజు నాన్న వేలు గాల్లో తిరుగుతుండగానే మొహాన నీళ్లు కొట్టాను. ఉలిక్కిపడి లేచి, బొగ్గు తీసుకుని సగం గీత గీశారు. ఆగిపోయారు.

"ఏంటి నాన్నా?"

"ఆయ్, ఏం లేదమ్మా... పోయింది."

అంతే, మగ్గం గుంటలోకి దిగిపోయారు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆయన మధ్యాహ్నం పడుకోలేదు. మగ్గం మీంచి చీరలు గబగబా దిగేవి... అన్నీ పాత అంచులే. "మావాడు ఇప్పుడు దారిలో పడ్డాడండి" అని పెదనాన్న పదిమందికీ చెప్పుకున్నారు. ఇంకో ఇరవై ఏళ్లు నేశారు నాన్న, ఒక్క కొత్త అంచు గీయలేదు. "బుర్రకి ఏం తోచట్లేదమ్మా" అనేవారు, తప్పు తనదే అయినట్టు. ఆయన కళకి బద్ధకమని పేరు పెట్టి చంపేశాం... బయటివాళ్లెవరో కాదు, ఇంట్లోవాళ్లమే.

ఇప్పుడేమో మెదడుకి విశ్రాంతి ఇస్తేనే కొత్త ఆలోచనలు వస్తాయని పనిగట్టుకుని క్లాసులు పెడుతున్నారు. మొన్న మా ఆఫీసులో అలాంటి క్లాసులో కూర్చున్నాను. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. నా వల్ల కాలేదు.

మీ ఇళ్లలోనూ ఊరికే పడుకుంటారని తిట్లు తిన్నవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల గురించి రాయండి. వాళ్లింకా బతికుంటే, ముందు వాళ్లనే అడగండి, అలా పడుకున్నప్పుడు ఏం తోచేదో.

ఆ సగం గీత తర్వాత ఏముండేదో నేను నాన్నని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.