మీటరమ్మ ప్రధానమంత్రి అయ్యాక

ఆ వీధుల్లో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి నెలా మొదటి వారంలో గేటు తట్టి, "మీటరండీ!" అని కేకేసి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వచ్చేసేది. అందుకని అందరికీ మీటరమ్మే. కరెంటు ఆఫీసు ఇచ్చిన బూడిదరంగు చొక్కా, భుజాన బిల్లు మిషన్ సంచి, చేతిలో చిన్న టార్చి. ఏ ఇంట్లో మీటరు మెట్లకింద ఉందో, ఏ ఇంటి కుక్క ఒట్టి అరుపులదో, ఏ ఇంటాయన బిల్లు చూసి ముందు భార్యనీ తర్వాత కరెంటు ఆఫీసునీ తిడతాడో ఆమెకు కంఠతా వచ్చు.

సినిమా డైరెక్టరు కూడా అలా గేటు తడితే దొరికినవాడే. కొత్తగా అద్దెకు దిగాడు. మీటరు బోర్డుకు అడ్డంగా పుస్తకాల అట్టపెట్టెలు నిలువెత్తు పేర్చేశాడు.

"ఏం నాయనా, ఇవన్నీ నేను మోయాలా? రేపు ఇక్కడ నిప్పురవ్వ లేస్తే మొట్టమొదట కాలేది నీ చదువే" అంది మీటరమ్మ.

అతను పెట్టెలన్నీ పక్కకు మోశాడు. చెమట తుడుచుకుంటూ, "అమ్మా, మీరు సినిమాలో వేస్తారా?" అన్నాడు.

"బిల్లు తప్పించుకోడానికి ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు గానీ, ఇది మాత్రం కొత్తదే."

కానీ అతను ఊరికే అనలేదు. అతని చేతిలో ఒక హాస్యకథ ఉంది. పార్టీలు తమలో తాము కొట్టుకుని, ఎవరికీ కుర్చీ దక్కకూడదనే పంతంతో, ఇళ్ళవెంట తిరిగి మీటర్లు చూసుకునే ఒక ఆడమనిషిని తీసుకెళ్ళి ప్రధానమంత్రిని చేసేస్తాయి. ఆ కథకి పేరున్న నటి కన్నా, తిట్టడం తెలిసిన మనిషి కావాలి.

మీటరమ్మ భర్త వడ్రంగి. చిత్రిక పట్టడం ఆపకుండానే విషయమంతా విని, "నన్ను తిట్టినట్టే తిట్టు, చాలు. నీకు నటన దేనికి?" అన్నాడు. ఆఫీసు నలభై రోజుల సెలవు ఇచ్చింది. ఆమె వెళ్ళింది, వేసింది, వచ్చి మళ్ళీ సంచి తగిలించుకుంది.

సినిమా మాత్రం విరగాడింది. అందులో ఒకచోట, ప్రధాని బల్లముందు పెద్ద అధికారులంతా నిలబడి ఏదో వంతెన సంగతి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని నసుగుతుంటారు. ఆమె టార్చి వెలిగించి ఒక్కొక్కరి మొహంమీద వేసి, "రేపు అన్న మాట నా గుమ్మం దాటకూడదు!" అంటుంది. మరుక్షణం వంతెన కట్టేసి ఉంటుంది. హాలంతా ఈలలే ఈలలు.

తిప్పలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

అంతకుముందు గేటు తడితే మీటరు చూపించేవాళ్ళు. ఇప్పుడు కాగితాలు చూపిస్తున్నారు. "ప్రధాని గారూ, మా కాలువ పొంగుతోంది." "మేడమ్, మా అబ్బాయికి ఉద్యోగం." సగంమంది వేళాకోళానికి, సగంమంది నిజంగానే. వేళాకోళం వాళ్ళతో ఎలాగో సర్దుకునేది. నిజంగా అడిగేవాళ్ళతోనే తల ప్రాణం తోకకొచ్చేది. "నేను మీటర్లు చూస్తానమ్మా, అంతే" అంటే, "పేరొచ్చాక అందరూ ఇంతేలే" అని మొహం తిప్పుకునేవాళ్ళు.

వీటన్నిటికన్నా ఆమె గుండెల్లో గుచ్చుకున్నది దర్జీ బాబాయి మాట.

దర్జీది సందు మధ్యలో ఇల్లు. కింద కుట్టుమిషన్, పైన డాబా. సందు ఆ చివరి స్తంభం నుంచి ఈ చివరి స్తంభానికి వెళ్ళే కరెంటు తీగ సాగిసాగి, ఆ డాబామీద మనిషి భుజం ఎత్తుకు దిగిపోయింది. కిందటి వానల్లో బట్టలు తీయబోయి ముసలాయన చెయ్యి తగిలించుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ మోచెయ్యి కాలి ముడుచుకుపోయింది. మధ్యలో ఒక్క స్తంభం వేస్తే తీగ పైకి లేస్తుంది. అంతకన్నా పనేం లేదు. మీటరమ్మ ఫిర్యాదు పుస్తకంలో ఆరుసార్లు రాసింది. ఆరుసార్లూ "చూస్తాం" అన్నారు.

సినిమా చూసొచ్చిన మర్నాడు దర్జీ మిషన్ ఆపి, "వంతెన క్షణంలో కట్టించావు కదే అమ్మాయ్, నా తీగ సంగతేంటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రోజే ఇంజనీరుగారి గదికి వెళ్ళింది. అంతకుముందు ఆ గుమ్మందగ్గర గంటలు గంటలు నిలబెట్టినవాళ్ళు, ఇప్పుడు కుర్చీ వేశారు. టీ తెప్పించారు. ఆమెకు ఆశ కలిగింది.

"సర్, ఆ సందులో తీగ..."

"ముందు ఆ డైలాగ్ చెప్పమ్మా! మా ఆవిడ వీడియో కాల్‌లో ఉంది."

ఏం చేస్తుంది? చెప్పింది. చెప్పిన ఊపులోనే, "రేపు అన్న మాట నా గుమ్మం దాటకూడదు! ఆ స్తంభం ఇవాళే వెయ్యాలి!" అని కలిపేసింది. ఇంజనీరుగారు బల్ల చరిచి మరీ నవ్వారు. ఫోన్లో ఆవిడ చప్పట్లు కొట్టింది. "భలే కలిపావమ్మా!" అని మెచ్చుకుని పంపేశారు. మెట్లు దిగుతుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం చెప్పినా జోకే అవుతోందే!

ఇంటికొచ్చి సంచి విసిరికొట్టింది. "ఏమండీ, ఇదివరకు నా మాట వినేవాళ్ళు కాదు, అంతే. ఇప్పుడు విని నవ్వుతున్నారు. ఏది నయం?"

వడ్రంగి ఆలోచించి, "విననప్పుడే కాస్త మర్యాదగా ఉండేది" అన్నాడు.

ఆరు నెలలకు రెండో భాగం మొదలైంది. మాటిచ్చేసింది కనక వేయక తప్పలేదు. డైరెక్టరు షూటింగ్‌కి దర్జీ ఉండే సందునే ఎంచుకున్నాడు. కెమెరా క్రేన్ తిరగడానికి తీగ అడ్డం. నిర్మాత మేనేజరు కరెంటు ఆఫీసుకు ఒక్క ఫోను కొట్టాడు. మర్నాడు పొద్దున పది కొట్టేసరికి నలుగురు మనుషులు, రెండు నిచ్చెనలు, ఒక బండి. పదకొండుకల్లా తీగ లేదు.

మీటరమ్మ మేకప్ కుర్చీలోంచి అదంతా చూసింది. ఆరు ఫిర్యాదులు, ఒక కాలిన చెయ్యి చేయలేని పని ఒక క్రేన్ చేసింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పోనీలే, ఏదో ఒక విధంగా పోయిందిగా అనుకుంది.

నాలుగో రోజు, క్రేన్ పని అయిపోగానే, ఆ మనుషులే తీగచుట్టతో మళ్ళీ దిగారు. ఆమె ప్రధాని కోటు వేసుకుని షాట్‌కి సిద్ధంగా ఉంది. పరుగున వెళ్ళింది.

"ఎలా కడుతున్నారు తమ్ముడూ? మధ్యలో స్తంభం ఏది?"

"ఎక్కడిది అక్కడే కట్టమన్నారక్కా" అన్నాడు లైన్‌మన్. "స్తంభాలు ఆఫీసు ఆవరణలో పడే ఉన్నాయి. ఆర్డరు లేదు."

ఆమె నిచ్చెన పట్టుకుంది. "అలాగైతే నన్ను దాటి ఎక్కు."

జనం మూగారు. ఎవరో "షూటింగ్! షూటింగ్!" అన్నారు. అంతే, ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆమె "ఇది సినిమా కాదు!" అని అరిచింది. పకపకా నవ్వారు. "ఒక మనిషి చావబోయాడురా ఇక్కడ!" అని గొంతు చించుకుంది. ఈలలు వేశారు. ఆమె ఎంత అరిస్తే అంత చప్పట్లు. ఆ కోటు విప్పి నేలకేసి కొట్టింది. దానికీ చప్పట్లే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిచ్చెన మాత్రం వదల్లేదు.

అప్పుడు దర్జీ మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ముడుచుకుపోయిన మోచేతిని ముందువరసలో నవ్వుతున్నవాళ్ళ మొహాల దగ్గరికి తీసుకెళ్ళి చూపించుకుంటూ పోయాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఫోన్లు దిగాయి.

డైరెక్టరు మెల్లగా వచ్చి, "అమ్మా, ఇది నేను తీసుకోనా? చాలా బాగా..." అన్నాడు.

"తీశావంటే నీ క్రేన్ విరిచి నీ చేతిలో పెడతాను."

అతను వెనక్కి తగ్గాడు. మధ్యాహ్నం షాట్ ఆగిపోయింది. మేనేజరు ఫోనుమీద ఫోను కొట్టాడు. ఇంజనీరుగారు జీపులో దిగి, సందంతా చూసి, ఆమెవైపు చూడకుండానే స్తంభం తెమ్మన్నారు. సాయంత్రానికి గుంట తవ్వి నిలబెట్టారు. తీగ డాబామీదుగా రెండు నిలువుల ఎత్తున వెళ్ళింది.

సందులోవాళ్ళు మాత్రం, "సినిమావాళ్ళ పుణ్యమా అని స్తంభం వచ్చింది" అనుకున్నారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. సాటి సిబ్బంది విధులకు ఆటంకం కలిగించినందుకు, శాఖ పరువు బజారుకీడ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

"క్షమించమని ఒక ముక్క రాసెయ్యవే, పోతుంది" అన్నాడు వడ్రంగి.

ఆమె కలం తీసింది. తన ఆరు ఫిర్యాదుల తేదీలూ వరసగా రాసింది. దర్జీ చెయ్యి కాలిన తేదీ రాసింది. కింద, "ఆటంకం కలిగించిన మాట నిజమే" అని సంతకం పెట్టింది. క్షమాపణ అన్న మాట ఎక్కడా లేదు.

ఆమెను ఊరి అవతలి చివరికి బదిలీ చేశారు. రెండు బస్సులు మారాలి. పద్దెనిమిదేళ్ళ గేట్లూ కుక్కలూ ఇక్కడే ఉండిపోయాయి. అక్కడ మీటరు ఎక్కడుందో ప్రతి ఇంట్లో మళ్ళీ వెతుక్కోవాలి. మొదటి రోజే రెండు తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతూ కనిపించాయి. మధ్యాహ్నం ఆ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు రాసి గుమాస్తా ముందు పెట్టింది.

గుమాస్తా తలెత్తి చూసి, "మీరు... ఆ సినిమాలో..." అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. పక్క బల్లవాళ్ళని కూడా పిలిచాడు. ఫోను బయటికి తీశాడు.

ఆమె చేతులు కట్టుకుని, వాళ్ళంతా నవ్వడం అయ్యేదాకా నిలబడింది.

"అయిందా? ఇక ఫిర్యాదుకి నంబరు వెయ్యండి" అంది.