బాయిలరు గది తలుపు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగి టీవీ చూస్తుంటే, ఎక్కడో నడి సముద్రంలో సరుకుల ఓడ ఒకటి తగలబడుతున్నట్టు చూపించారు. నల్లటి పొగ, దాని చుట్టూ నీళ్లు చిమ్ముతున్న చిన్న పడవలు, కింద పరుగెత్తే అక్షరాల్లో పని చేసేవాళ్లలో కొందరి జాడ తెలియలేదని ఒక ముక్క. నేను లేచి కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సముద్రమన్నదే లేని జహీరాబాదులో ఇన్నేళ్లూ బతికిన ముసలిదానికి ఓడ కాలితే ఇంత దుఃఖం ఎందుకని మా మనవరాలు ఆశ్చర్యపోయింది. దానికి ఆ పూట ఏమీ చెప్పలేకపోయాను. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు. బొగ్గు ఓడలు నడిచిన రోజులు, ఊళ్లో వానలు లేక మనుషులు బొంబాయి రైలెక్కిన రోజులు మీకు తెలుసు గనుక.

అరవై దశకం మొదటి సంవత్సరాలవి. నేను నర్సు పని నేర్చుకుని వచ్చి మా ఊరి దవాఖానలో చేరాను. మా పెద్ద డాక్టరమ్మ పరదేశం మనిషి. ఆవిడతో రోజూ మాట్లాడీ మాట్లాడీ నాకు ఇంగ్లీషు బాగానే పట్టుబడింది. ఆ ఇంగ్లీషే ఒకనాడు నా నెత్తిమీదికి ఎంత బరువు తెస్తుందో అప్పుడు తెలియదు.

మా పెద్దమ్మ వాళ్లది కోహీర్ పక్కన పల్లె. ఆవిడ కొడుకు, నేను సొంత అన్న కంటే ఎక్కువగా చూసుకున్న మా అన్న, జొన్నచేలు వరుసగా ఎండిపోయిన కాలంలో వదినె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బొంబాయి వెళ్లాడు. మొదట రేవులో బస్తాలు మోశారట, తర్వాత ఒక సరుకుల ఓడలో బాయిలరు ముందు నిలబడి బొగ్గు వేసే పని దొరికింది. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ నల్లగా, బలంగా, నవ్వుతూ వచ్చేవాళ్లు. బామ్మర్ది మరీ అల్లరివాడు. సముద్రం ఎంత ఉంటుందని పెద్దమ్మ అడిగితే పక్క ఊరు న్యాల్‌కల్ దాకా చేత్తో చూపించి, ఇదంతా ఒడ్డేననీ, సముద్రం అక్కడి నుంచి మొదలవుతుందనీ చెప్పేవాడు.

ఒక ఎండాకాలం ఆ ఓడలో బాయిలరు పేలిందనీ, ఓడ కాలి మునిగిందనీ, బామ్మర్ది పోయాడనీ తంతి వచ్చింది. కొన్ని వారాల తర్వాత అన్నను రైలు దించి ఎడ్లబండి మీద మా దవాఖానకు తెచ్చారు. బొంబాయిలో పుండ్లు పూర్తిగా మానకముందే కంపెనీవాళ్లు పంపించేశారు. సగం మొహం ఉడికిపోయి కరుడు కట్టింది, ఒక చెవి లేదు, రెండు చేతులకూ కట్లు, కట్ల కింద చీము. కన్నతల్లి గుర్తుపట్టలేక నా వెనక దాక్కుంది. వదినె మాత్రం మంచం దగ్గరికి నేరుగా వచ్చి నిలబడింది. "మా తమ్ముడు ఎట్ల సచ్చిండు? నువ్వు ఆడ్నే ఉన్నవు గద, చెప్పు" అంది. అన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడ రోజూ వచ్చేది, రోజూ అదే అడిగేది. ఆయన రోజూ గోడవైపే తిరిగేవాడు.

ఒకరోజు గాలిదుమ్ము లేచిందని ఆయా వార్డు తలుపు మూసి గడియ పెట్టింది. అన్న మంచం మీద నుంచి ఒక్క దూకు దూకి, ఆ కట్లు కట్టిన చేతులతోనే తలుపును బాదడం మొదలుపెట్టాడు. కట్లు ఊడి, పచ్చి మాంసం చెక్కకు అంటుకుని, తలుపు నిండా నెత్తురు. "తెరువున్రి, తెరువున్రి, లోపట మనుషులున్నరు" అని అరుస్తూ, పట్టుకోవడానికి వచ్చిన కాంపౌండరును తలతో కుమ్మి పళ్లు రాలగొట్టాడు. నలుగురం కలిసి నేలకు అదిమి పట్టి సూది వేయాల్సి వచ్చింది. ఆయన తలను ఒళ్లో పెట్టుకున్నప్పుడు నాకు మొదటిసారి తోచింది, ఆ ఓడలో జరిగింది పేలుడు ఒక్కటే కాదని.

తర్వాత వారంలోనే కంపెనీ మనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బత్తాయిల బుట్ట. ఆయన ఉర్దూ కలిపిన మా తెలుగులో మెత్తగా మాట్లాడాడు. సర్కారు తరఫున ఒక విచారణ ఆఫీసరు వస్తాడనీ, బొగ్గువాళ్లు నిద్రపోయి బాయిలరులో నీళ్లు అయిపోనిచ్చారని చెబితే చాలనీ అన్నాడు. అన్న మాట్లాడకపోయేసరికి వంగి, నేను పక్కనే మందు కలుపుతున్నానని చూసుకోకుండా, మిగతాది చెప్పాడు. "ఇంజనీరు సాబ్ ఎట్ల పోయిండో మాకు ఎరుకే. నోరు తెరిస్తే ఉరికంబమే నీకు." అన్న ఆ బుట్టను కాలితో తన్నాడు. బత్తాయిలు వార్డంతా దొర్లాయి.

అంతటితో ఆగలేదు. అంగడి రోజున అన్నను కాస్త నడిపిద్దామని నేనే బజారు దాకా తీసుకువెళ్లాను. అల్లం బస్తాల బండ్ల మధ్య నుంచి ముగ్గురు కొత్త మనుషులు వచ్చి, ఏమీ అనకుండా, కర్రలతో ఆయన మోకాళ్ల మీద కొట్టారు. పడిపోయాక కట్లు కట్టిన చేతుల మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఒకడి జుట్టు పట్టుకుని వెనక్కి లాగితే వాడు మోచేత్తో నా నోటి మీద పొడిచాడు; ఇప్పటికీ నా పెదవి మీద ఆ గీత ఉంది. కన్నడ సరిహద్దు నుంచి బండ్లు తోలుకొచ్చిన న్యాల్‌కల్ రైతులు ఎడ్లను కొట్టే చర్నాకోలలు ఎత్తుకుని మీద పడ్డారు. కన్నడంలో ఒకరు, తెలుగులో ఒకరు తిడుతూ వాళ్లను రైలు గేటు దాకా తరిమి, ఒకడి వీపు చీల్చి వదిలారు. ఆ మనుషులను ఎవరు పంపారో ఎవరూ రుజువు చేయలేదు. మాకు రుజువు అవసరం లేదు.

ఆ విరిగిన ఎముకకు పిండికట్టు ఆరకముందే ఆఫీసరు వచ్చాడు. బొంబాయి నుంచి రైళ్లు మారి బీదరు మీదుగా దిగిన ముసలాయన, ఒకప్పుడు తానూ ఓడలు నడిపినవాడట. ఆయన మరాఠీ, ఇంగ్లీషు మనిషి. అన్నకు ఓడ హిందీ కొంత వచ్చుగానీ, ఈ సంగతి తన మాటలోనే చెబుతానని పట్టుబట్టాడు. అందుకని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. వదినె తలుపు దగ్గర నిలబడింది, వెళ్లమంటే వెళ్లలేదు.

ఆఫీసరు ముందే అంతా విప్పి చెప్పాడు. దేశాలన్నీ కలిసి ఓడల భద్రత కోసం లండనులో కొత్తగా ఒక సంస్థ పెట్టుకున్నాయనీ, పెద్ద ప్రమాదాల్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ప్రతి దేశం విచారించి అక్కడికి తెలిపితే మిగతా ఓడల్లో అది మళ్లీ జరగకుండా చూడొచ్చనీ, తాను వచ్చింది అందుకేననీ అన్నాడు. ఎవరినీ శిక్షించడం తన పని కాదన్నాడు. కానీ చెప్పినదాంట్లో నేరం ఉంటే పోలీసులకు దాచిపెట్టే అధికారం కూడా తనకు లేదన్నాడు. అది తెలుగులోకి మార్చి చెప్పాను. అన్న తల ఊపాడు.

బాయిలరు గొట్టం ఒకటి చాలా రోజులుగా కారుతోందట. బొగ్గువాళ్లు చెబితే ఇంజనీరు, రేవు చేరాక చూద్దామన్నాడట. ఆ రోజు అన్న నీళ్లు తాగడానికి పక్కనున్న ఇంజను గదిలోకి వచ్చాడు, చేతిలో పార అలాగే ఉంది. వెనక గొట్టం పగిలింది. ఆవిరి వచ్చిన చప్పుడు ఏనుగు చెవి దగ్గర అరిచినట్టుందన్నాడు. ఇంజనీరు పరుగున వచ్చి మధ్యనున్న ఇనుప తలుపు మూసి, పిడి తిప్పి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పిడి ఇంజను గది వైపే ఉంది. లోపలి నుంచి తెరవడానికి ఏమీ లేదు. లోపల బామ్మర్దీ, మిగతావాళ్లూ పారలతో తలుపును కొడుతున్నారు.

"కాళ్లు మొక్కిన," అన్నాడు అన్న. "సాబ్, మావోళ్లున్నరు, తెరువు సాబ్ అని మొత్తుకున్న. తెరిస్తే ఇంజన్ గదిల కూడ ఆవిరొస్తది, అందరం సస్తమన్నడు. ఆయనె కూడ గజగజ వణుకుతుండె. లోపట బామ్మర్ది నన్ను పేరు పెట్టి పిలుస్తుండు. బావా అనలె. పేరు పెట్టి పిలుస్తుండు."

అంతవరకు నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసరు రాసుకున్నాడు.

"పారతోటి కొట్టిన. నెత్తిమీద. ఒక్కటి గాదు. పడెదాక కొట్టిన."

నేను నోరు తెరిచి ఆగిపోయాను. గదిలో ఇంగ్లీషు తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ ఆఫీసరూ. తెలుగు తెలియని ఆఫీసరుకు నేనేది చెబితే అదే సాక్ష్యం. తలుపు దగ్గర వదినె వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది. తమ్ముడు పోయాడు, ఇప్పుడు మొగుడూ పోతాడని ఆవిడ భయం. అన్న నా అవస్థ కనిపెట్టాడు.

"చెల్లె," అన్నాడు, "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను కొట్టింది చెప్పకుంటె, ఆ తలుపు సంగతి కూడ ఎవ్వరు నమ్మరు."

చెప్పాను. ప్రతి మాటా చెప్పాను. ఆఫీసరు కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

తలుపు తెరిచాక తెల్లటి ఆవిరి అన్న మొహం మీద కొట్టిందట. కళ్లు మూసుకుని చేతులు లోపలికి పెట్టి, దొరికినవాళ్లను దొరికినట్టు లాగాడు. ఒకరి చెయ్యి పట్టుకుంటే చర్మం మేజోడులా ఊడి చేతిలోకి వచ్చింది. కొందరు బతికి బయటపడ్డారు. బామ్మర్దిని చివర లాగాడు. ఈలోగా మంటలు నూనెకు అంటుకున్నాయి. బామ్మర్దిని భుజాన వేసుకుని నిచ్చెనెక్కి పైకి వచ్చేసరికి అక్కడ ఇంకో యుద్ధం. పడవలు చాలవు, మనుషులు కత్తులు దూసుకున్నారు, పడవ అంచు పట్టుకుని వేలాడేవాళ్ల వేళ్ల మీద తెడ్లతో కొట్టి వదిలించారు. ఇంజనీరును ఎవరూ పైకి తేలేదు. పారదెబ్బకు పోయాడో, మంటకు పోయాడో, ఓడతోపాటు మునిగి పోయాడో దేవుడికే తెలియాలి.

అప్పుడు వదినె లోపలికి వచ్చింది. ఆఫీసరు ఉన్నాడని చూసుకోలేదు. "మా తమ్ముడు ఆఖరికి ఏమన్నడు?" అంది.

అన్న ఈసారి గోడవైపు తిరగలేదు. ఆవిడ మొహంలోకే చూశాడు. "భుజం మీద ఏస్కున్నంక, గిట్లయిందని అక్కకు చెప్పకు, నీళ్లల్ల పడి సచ్చిండని చెప్పు అన్నడు. అందుకే జెప్పలె."

వదినె ఏడవలేదు. ఆ పిండికట్టు చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని మంచం పట్టెమీద కూర్చుంది. ఆఫీసరు కలం మూత పెట్టి, కాగితాలు సర్దుకుని, వాళ్లిద్దర్నీ వదిలి ఎండలో దవాఖాన ఆవరణలోకి వెళ్లాడు.

నడవగలిగాక పోలీసులు వచ్చి అన్నను బొంబాయి తీసుకువెళ్లారు. జైల్లో ఉంచారు. కోర్టులో, బాయిలరు గది నుంచి బయటపడినవాళ్లు ఒక్కొక్కరే బోనెక్కి చొక్కాలు విప్పి తమ వీపులు చూపించారట. ఆ ముసలి ఆఫీసరు కూడా పిలుపు అందుకుని వచ్చి తలుపు గురించి చెప్పాడట. ఇంజనీరు దేనివల్ల పోయాడో తేలలేదు గనుక ఖూనీ కేసు నిలవలేదు. వదిలేశారు గానీ ఓడల్లో మళ్లీ అడుగు పెట్టకుండా చేశారు. కంపెనీకి ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు, వేరే ఓడలు నడుపుకుంది. విచారణ నివేదిక ఢిల్లీకీ, అక్కడి నుంచి లండనుకూ వెళ్లిందని మాత్రం ఆఫీసరు కబురు చేశాడు. అలాంటి తలుపులకు రెండువైపులా పిడి ఉండాలని అందులో రాశాడట. ఆ మాట ఎవరు చదివారో, ఏ ఓడలో ఏ తలుపు మారిందో నాకు తెలియదు.

అన్న తిరిగి వచ్చి చెరుకు బండి తోలుకుని బతికాడు. ఆయన ఇంట్లో ఏ తలుపుకూ గడియ ఉండేది కాదు. దొంగలు పడతారని పల్లెవాళ్లు నవ్వినా వదినె ఎప్పుడూ పెట్టనివ్వలేదు. ఇంజనీరు వణికిన సంగతి మాత్రం ఆయన చాలాసార్లు తలచుకునేవాడు. ఆయనకూ పెళ్లాం పిల్లలు ఉండే ఉంటారు గదా చెల్లె, అనేవాడు.  ఆయన పోయి చాలా ఏళ్లయింది, వదినె పోయీ అయింది.

ఇప్పుడు మా ఊరు ఆ ఊరు కాదు. పెద్ద రోడ్డు పడింది, ఫ్యాక్టరీలు వచ్చాయి, సముద్రంలో మంట నా మంచం దాకా వచ్చేస్తోంది. ఆ రోజు టీవీవాళ్లు పొగను చాలాసేపు చూపించారు, ఓడ ధర ఎంతో కూడా చెప్పారు. ఆ జాడ తెలియని మనుషులు ఏ ఊరివాళ్లో, వాళ్ల అక్కలు ఎవరో చెప్పలేదు. తర్వాత వేరే వార్త వచ్చింది. మనవరాలు వచ్చి, చానలు మార్చనా అమ్మమ్మా అంది. మార్చమన్నాను గానీ, ఆ కాలిన ఓడ లోపల తలుపులు ఏ వైపు నుంచి తెరుచుకుంటాయో ఎవరైనా చూశారా అన్న ఆలోచన ఆ పూటంతా నన్ను వదల్లేదు.